నక్షత్రజలం

సూక్ష్మజీవులను చూపించే కళ్లద్దాలు ఇంటింటికీ వచ్చిన కాలమది. కాకినాడలో నీరజ తన పసిపాప రెండు పాలసీసాలను ‘నక్షత్రజలం’తో కడగబోయింది. అందులోని తారాశక్తి క్రిములను చంపుతుందని, సబ్బు అక్కర్లేదని అమ్మినవాడు చెప్పాడు.

“ఓసారి అద్దాలెట్టుకుని చూద్దారండి అమ్మగారూ,” అంది ఇంట్లో పనిచేసే సువార్తమ్మ.

ఇద్దరూ చెరొక జత పెట్టుకున్నారు. నక్షత్రజలంలో క్రిములు హాయిగా ఈదుతున్నాయి. నీరజ ఆ నీళ్లను పక్కకు నెట్టేసింది. సువార్తమ్మ ఒక సీసా అందుకుని సబ్బునీళ్లతో తోమింది. నురగ తగిలినచోట కొన్ని క్రిములు చిట్లిపోయాయి. మిగిలినవి పట్టు వదిలి, కుళాయి ధారలో వేలకు వేలు కొట్టుకుపోయాయి.

సువార్తమ్మ తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది.

“ముప్పయ్యేళ్ల నుంచీ నా చేతులు చేత్తన్న పని ఇదాండీ?” అంది మెల్లగా.

నీరజ ఆ చేతులనే చూస్తూ, “రెండో సీసా నేను తోముతాను. పక్కనుండి నేర్పు సువార్తమ్మా,” అంది.