మెత్తబడిన బొచ్చు

తల మీద వెంట్రుక లేని మా ఆయన, తొలిసారి అందాల పోటీకెళ్లే మా కుక్కకి షాపులో దువ్వెనలు ఏరుతున్నారు. అనుభవం అలాంటిది మరి.

"గరుకు బొచ్చు జాతండీ. పాత వెంట్రుకల్ని చేత్తో పీకాలి. ట్రిమ్మర్ పెడితే మెత్తబడిపోయి పోటీకి పనికిరాదు," అన్నాడు షాపతను.

"మాకు తెలీదా!" అంటూ అన్నిటికన్నా పెద్ద ట్రిమ్మరే కొన్నారు.

పోటీలో జడ్జి గారు దాని వీపు నిమిరి, "మెత్తగా ఉందే!" అన్నారు.

"థాంక్సండీ!" అంటూ ఈయన పొంగిపోయారు. పక్కకి జరగమన్నాక గానీ అది పొగడ్త కాదని తెలియలేదు.

ఇంటికొచ్చాక మెల్లగా అడిగారు: "దీన్నెవరికైనా ఇచ్చేద్దామా? నీకూ మొదట్నుంచీ ఇష్టం లేదుగా."

ఒళ్లో ముడుచుకున్న దాని చెవులు నిమురుతూ అన్నాను:

"పోటీకి పనికిరానివాళ్లతో కాపురం నాకేమన్నా కొత్తా?"