తెలియదండీ

“క్లాసులో ఫస్టు వచ్చేదానివా?” దరఖాస్తు తిరగేస్తూ అడిగాడు కాలేజీ ప్రిన్సిపాల్.

“ఎప్పుడూ నేనేనండీ. లాస్టు కూడా నేనే. మా ఇంటి బడిలో ఇంకెవరూ లేరు.”

ఆయన పకపకా నవ్వాడు. పక్క కుర్చీలో ఉన్న తల్లికి మాత్రం నవ్వు రాలేదు. వంతెనలు కట్టే భర్త వెంట ఏడాదికో ఊరు తిరుగుతూ, కూతురికి పన్నెండేళ్లూ తనే చదువు చెప్పింది. తను చదివింది పదో తరగతే. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఆమె భయం.

“మబ్బులన్నీ నీళ్లే కదా. మరి వాన మబ్బు ఎందుకు నల్లగా ఉంటుంది?” అని అడిగాడాయన.

“తెలియదండీ,” అంది కూతురు.

అంతా అయిపోయిందనుకుని తల్లి కళ్లు మూసుకుంది.

“మందంగా ఉండి వెలుతురు కిందికి దిగదేమో. మీ దగ్గర పుస్తకం ఉందాండీ? చూద్దాం,” అంది కూతురే మళ్లీ.

తల్లి కళ్లు తెరిచేసరికి ఇద్దరూ బీరువా ముందు నిలబడి, ఒకే పుస్తకం మీదికి వంగి వాదించుకుంటున్నారు.

“తెలియదని ఇంత ధైర్యంగా చెప్పడం ఎవరు నేర్పారమ్మా?”

“మా అమ్మేనండీ. ఏదడిగినా ‘నాకూ తెలీదే, పద చూద్దాం’ అనేది.”

అలా అన్న ప్రతిసారీ ఆమె లోలోపల సిగ్గుతో చచ్చిపోయేది. పిల్ల దాన్నే చదువనుకుందన్నమాట!

ఆయన సంతకం పెట్టబోతూ ఆగాడు. “మీరేం చదువుకున్నారండీ?”

“పదో తరగతి,” అంది ఆమె తలెత్తి. “మిగతాదంతా దీంతో కలిసి చదివాను.”

“సీటు మాత్రం ఒక్కటే ఇవ్వగలనండీ,” అంటూ ఆయన నవ్వి సంతకం పెట్టాడు.