ఆయమ్మ శిష్యుడు

పెద్దాయన నోటుబుక్కూ పెన్నూ పట్టుకుని మగవాళ్ల వార్డులోకి వచ్చాడు. ఆయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పరీక్ష రాయడానికొచ్చారా?"

"మీరు చెప్పేవి రాసుకుందామని..."

"నేను చెప్పేదేం ఉండదు. ఆ బెడ్‌పాన్ అందుకోండి."

వాళ్ల గుడిలో శిష్యరికం అలాంటిది. పుస్తకం లేదు, పాఠం లేదు. డబ్బాలోంచి చీటీ తియ్యాలి. ఎవరి పేరు వస్తే వాళ్లే గురువు. ఆరు శనివారాలు వాళ్లు పనిచేసే చోట వాళ్ల వెంట తిరగాలి. చివరికి గురువు కార్డు మీద సంతకం పెడితే సరేసరి. పెట్టకపోతే మర్నాడు ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లకూడదు. పెద్దాయన తీసిన చీటీలో ఈ ఆసుపత్రి ఆయమ్మ పేరు వచ్చింది.

"ఈ చీటీల పద్ధతి కనిపెట్టిన మహానుభావుణ్ని ఒక్క పూట ఈ వార్డులో వదిలెయ్యాలి," అంది ఆయమ్మ దుప్పటి దులుపుతూ.

పెద్దాయన తల వంచుకుని బెడ్‌పాన్ కడిగి తెచ్చాడు.

"అలాగే ఇచ్చేస్తారా? వేణ్ణీళ్లు తిప్పి, తుడిచి ఇవ్వండి. చల్లటి స్టీలు మీ ఒంటికి తగిలితే తెలుస్తుంది."

రెండో శనివారం ఒక రోగి కాలు నొప్పని మూలిగాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, బాధలు మూడు రకాలని మొదలుపెట్టాడు. రెండో రకం సగంలో ఉండగానే రోగి ముసుగు తన్నాడు.

"నిద్రొచ్చిందనుకుంటున్నారా? పారిపోదామంటే కాలికి కట్టుంది, పాపం," అంది ఆయమ్మ.

మూడో శనివారం ఇంకొకరి మంచం పక్కన కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. ఆమెన్ అనేసరికి సెలైన్ సీసా ఖాళీ. గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. ఆయమ్మ నర్సును పిలుచుకొచ్చి నిలబడి ఉంది.

"దేవుడికి చెవుడు లేదు పెద్దాయనా. కళ్లు తెరిచి అడిగినా వింటాడు."

నాలుగూ అయిదూ కూడా అంతంతమాత్రమే. పెద్దాయనకు బెంగ పట్టుకుంది. చొక్కా జేబులో కార్డు నలుగుతోంది గానీ దాని మీద ఒక్క గీతా పడలేదు.

ఆరో శనివారం పొద్దున్నే గుడి సంఘ కార్యదర్శి వార్డు గుమ్మంలో ఆయమ్మను పట్టుకున్నాడు.

"ఆ సంతకమేదో పడెయ్ తల్లీ. ఆయన వయసుకైనా విలువివ్వాలి కదా!"

"ప్రభువు పన్నెండుమందిని మూడేళ్లు వెంట తిప్పుకుంటే, అందులోనే ఒకడు చెయ్యిచ్చాడు. నాకిచ్చింది ఆరు శనివారాలు. కాస్త పండనివ్వండి."

"పండకపోతే? రేపు బల్ల దగ్గర ఆయన లేకపోతే ఎలాగమ్మా?"

"ఆకలికేం చచ్చిపోరు లెండి."

తలుపు వెనక దుప్పట్లు మడతపెడుతున్న పెద్దాయనకు అన్నీ వినిపించాయి.

మధ్యాహ్నం కిటికీ పక్క మంచం మీద లారీ డ్రైవరుకు వాంతులు పట్టుకున్నాయి. చూడ్డానికి వచ్చే దిక్కు లేదు. పెద్దాయన బేసిన్ పట్టుకుని కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. అలా గంట గడిచింది. మూతి తుడిచాడు. ఒక కన్ను సెలైన్ సీసా మీదే ఉంచాడు. ఎవరూ చెప్పకుండానే దిండు తిరగేసి, చల్లగా ఉన్న వైపు తల కిందికి వచ్చేలా సర్దాడు.

"మీరెవరు సార్?" అడిగాడు డ్రైవరు నీరసంగా.

"ఆయమ్మ శిష్యుణ్ని."

"బాగా తిడుతుందా?"

"చాలా బాగా."

డ్రైవరు నవ్వాడు. నవ్వుతూనే పెద్దాయన వేలు పట్టుకుని నిద్రపోయాడు.

ఆయమ్మ వచ్చింది. బేసిన్ చూసింది, దిండు చూసింది, ఆ వేలు చూసింది. కార్డు కోసం చెయ్యి చాపింది. పెద్దాయన ఖాళీగా ఉన్న చేత్తోనే జేబు తడుముకుని తీసిచ్చాడు.

"అత్తెసరు మార్కులే. బయట గొప్పలు చెప్పుకోకండి," అంటూ సంతకం గీకింది.

మర్నాడు గుడి కిటకిటలాడింది. వెనక బెంచీలో ఆయమ్మ ఆవులింత ఆపుకుంటూ కూర్చుని ఉండగా, ఆ గుడికి ఇరవై ఆరేళ్లుగా పాస్టరుగా ఉంటున్న పెద్దాయన తెల్ల అంగీ సర్దుకుని, బల్ల వెనక నిలబడి రొట్టె విరిచాడు.