మనుమడి మాయ

“మా మాయ మాకియ్యి, డాక్టరమ్మా!”

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టర్ లీలమ్మ గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది కల్వకుర్తి నర్సింగమ్మ. పొద్దున్నే కోడలు మగపిల్లవాణ్ణి కన్నది. మాయను ఇంటి పెరట్లో పాతితేనే పిల్లవాడు నిండుగా బతుకుతాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం జోలికి పోయి నెగ్గినవాళ్లు ఇంతవరకు లేరు.

“ఇచ్చినం గదా అవ్వా, గా కుండల ఉంది.”

“గింతేనా? దాని పొర యాడ వోయింది? ఊరందరి కాన్పులు జేసిన చేతులివి. నాకు జెప్తవా?”

లీలమ్మ దాచలేదు. “ఉమ్మనీటి సంచి పొర మేం తీసుకున్నం. ఒళ్లు కాలినోళ్లకు కప్పనీకి. మీ కోడల్ని అడిగే తీసినం.”

“అది ఇయ్యాలనే తల్లయ్యింది, దానికేమెరుక! సగం మాయ పాతితే నా మనుమడు సగం మనిషైతడు. తెచ్చి నా చేతుల వెట్టు.”

“పొద్దుగాలనే ఒకాయనకు కప్పినం. ఇప్పుడు తీస్తే ఆ మనిషి దక్కడవ్వా. ఛాతీ మీద తోలే లేదు. బయటి దేశాలల్ల తోలు తయారు చేస్తున్నరట. గది మన దాంక రాలే. మనకు గీ పొరనే దిక్కు.”

నర్సింగమ్మ గుమ్మం వదిలి గదిలోకి వచ్చింది.

“అంటే... గా దేశాలోళ్లు చేయనీకి ఇంకా కిందమీద పడుతున్నది, నా కోడలు కడుపుల తయారయిందా?”

“అయ్యింది.”

“సూపియ్యి.”

కాలినవాళ్ల వార్డులో దోమతెర కింద అహ్మద్ అలీ పడుకుని ఉన్నాడు. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు వేస్తాడు. డెబ్బై ఏళ్లు, నర్సింగమ్మకన్నా పదేళ్లు పెద్ద. నిన్న మరిగే నూనె ఒంటి మీద ఒలికింది. అప్పటి నుంచి అరుస్తూనే ఉన్నవాడు, పొర కప్పాకే నిద్రపోయాడు. పలుచని పొర ఛాతీకి అతుక్కుని, ఊపిరితో పాటు లేచి దిగుతోంది. నర్సింగమ్మ చెయ్యి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకుంది. కొంగు సర్దుకుని, గర్వంతో నిటారుగా నిలబడింది.

అంతలో నర్సు పుస్తకం పట్టుకుని వచ్చింది. “ఎవరవ్వా నువ్వు? ఈడ సొంతోళ్లు తప్ప ఎవరూ ఉండొద్దు. బయటికి నడువు!”

“సొంతదాన్నే!”

నర్సు ముసలాయన తెల్లగడ్డం చూసింది. ఆమె నుదుట రూపాయంత బొట్టు చూసింది. నవ్వాపుకుంటూ కలం తీసింది. “గట్లనా? ఈయన నీకేమైతడు?”

నర్సింగమ్మ తలెత్తింది. “రెండో మనుమడు. రాస్కో!”