గోడకు అటు చివర

“ముందు సీట్లోనే కూర్చోవాలా? వెనక అన్ని ఖాళీలున్నాయి కదా,” అంది పక్కసీటు పెద్దావిడ, సంచీ జరుపుకుంటూ.

“ఇక్కడైతే బాగా వినిపిస్తుందండీ,” అన్నాడు అచ్చాఫీసులో పనిచేసి రిటైరైన ఆయన.

వినిపించడం మాట అలా ఉంచితే, బాగా కనిపిస్తుంది కూడా. డ్రైవరు పక్కన కడ్డీకి భుజం ఆన్చి, మైకు పట్టుకుని గైడమ్మ పాత రాజధాని కథ చెబుతోంది. బస్సు బస్సంతా ఎడమవైపు తిరిగి కోట బురుజులు చూస్తూంటే ఈయన తల మాత్రం నిటారుగా ముందుకే ఉంది. గైడమ్మకు యాభై దాటాయి. నెరిసిన జుట్టును రెండు పిన్నులతో అదిమిపెట్టుకుంది. ఆవిడ ఏ రాజు ఎవర్ని ఓడించాడో చెబుతూంటే ఇలా నోరు తెరుచుకుని చూడ్డానికేముందో పెద్దావిడకు బోధపడలేదు. పొద్దున బస్సెక్కి ఆయన్ని చూడగానే గైడమ్మ “స్వాగతం” అన్న మాటను సగంలో మింగేసి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవడం కూడా పెద్దావిడ గమనించింది. పాపం, భయపడి ఉంటుంది అనుకుంది.

నిజానికి ఆయన కోరిక చాలా చిన్నది. అందరితో మాట్లాడుతున్న ఆ గొంతు తనతో, తనొక్కడితో, ఒక్క మాట మాట్లాడాలి. ఉద్యోగమంతా అచ్చాఫీసులో రాత్రి పనే. ఊరు నిద్ర లేచే వేళకు ఆయన పడుకునేవాడు. పగటిపూట ఒక మనిషి ఎదురుగా నిలబడి కబుర్లు చెబితే వినాలని మొహం వాచిపోయాడు. అందుకే రిటైరవగానే ఈ గుళ్ళూ కోటల యాత్రకు టికెట్టు కొన్నాడు.

“మీ ఆవిడ రాలేదా?” పెద్దావిడ ఆరా తీసింది.

“తనకి పనితోనే సరిపోతుందండీ. పైగా ఈ ఊళ్ళన్నీ ఎప్పుడో చూసేసింది.”

“చెప్పే వచ్చారా?”

“లేదండీ. చెబితే వద్దంటుందని... హడావుడిగా బయల్దేరాను. సెల్లు కూడా ఇంట్లోనే మరిచిపోయాను.”

“అహా! ఆవిణ్ణి పనికి పంపి తమరిలా ఊరేగుతున్నారన్నమాట.”

ఆయన నవ్వి, మళ్ళీ మైకు వంక తిరిగాడు.

రెండో ఊరు చేరేసరికి గైడమ్మ గొంతు బొంగురుపోయింది. భోజనాలయ్యాక, అందరికంటే ముందు బస్సెక్కి, ఆవిడ కూర్చునే చోట లవంగాల పొట్లం పెట్టాడాయన. అది పెద్దావిడ కంట పడనే పడింది. గైడమ్మ వచ్చి పొట్లం విప్పింది. ఎవరు పెట్టారని కూడా అడక్కుండా ఒకటి బుగ్గన పెట్టుకుని, “అందరూ వచ్చినట్టేనా?” అంది.

పెద్దావిడకు ఒళ్ళు మండింది. తర్వాతి మజిలీలో డ్రైవర్ని పట్టుకుంది.

“చూశావా నాయనా, ఈ వయసులో ఆ ముందు సీటాయన వేషాలు! గైడమ్మ తన ఇంట్లోవాళ్ళనెవరినైనా వెంట తెచ్చుకుంటే ఈ బెడద ఉండదు కదా?”

“సొంతవాళ్ళు ఎక్కితే మా కంపెనీ ఊరుకోదమ్మా. ఇదివరకో గైడు బావమరిదికి మంచి సీటిచ్చాడని ఉద్యోగం ఊడగొట్టారు. ప్రయాణికులతో చనువుగా ఉన్నా అంతే.”

“అయితే ఆయన్ని నేనే ఓ కంట కనిపెడతాను.”

అన్నంత పనీ చేసింది. పాత ఆలయంలో ఆయన గైడమ్మ దగ్గరికెళ్ళి, “ఈ స్తంభం...” అని మొదలుపెట్టాడో లేదో, “నాకూ చెప్పమ్మా!” అంటూ మధ్యలో వచ్చి నిలబడింది. గైడమ్మ చూపు ఆయన మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందరివైపూ తిరిగి ఆ స్తంభం చరిత్ర చెప్పేసింది. ఆయన ఉసూరుమంటూ వెనక్కి తగ్గాడు. ఇంత దూరం వచ్చీ నోటిదాకా వచ్చిన మాట మింగుకోవలసి వచ్చినందుకు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

చివరి మజిలీ ఒక గుమ్మటం. లోపల, ఎత్తున, గుండ్రటి గోడ వెంబడి సన్నని నడవా ఉంది.

“గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు నోరు కూడా ఉంది,” అంది గైడమ్మ. “ఈ చివర గుసగుసగా చెప్పిన మాట ఆ చివర చెవి ఆన్చినవాళ్ళకు వినిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళకు వినపడదు. పైకి ఎవరొస్తారు?”

పెద్దావిడ చెయ్యెత్తింది. మెట్లు చూసి, మోకాళ్ళు తడుముకుని, దించేసింది.

“మీరొస్తారా, సార్?” అంది గైడమ్మ, ఆయన వంక చూడకుండా.

ఆయన ఇంచుమించు పరుగెత్తాడు. ఆ చివరికి చేరి చల్లటి రాతికి చెవి ఆన్చాడు. ఇవతల గైడమ్మ గోడవైపు తిరిగింది. ఆవిడ పెదవులు కదిలాయి.

మాట వచ్చింది. రాజుల మాట కాదు. తనకోసం, తనొక్కడికోసం, గోడంతా చుట్టి వచ్చిన మాట. జవాబు చెప్పడం మరిచి, ఇంకోసారి వినిపిస్తుందేమోనని చెవిని రాతికి మరింత అదిమాడు. గైడమ్మ కాసేపు చెవి ఆన్చి చూసి, తర్వాతి వాళ్ళను పిలిచింది.

దిగి రాగానే పెద్దావిడ అడ్డుపడింది. “ఏం చెప్పింది?”

“మామూలు మాటేనండీ.”

“మామూలు మాటకు కళ్ళనీళ్ళెందుకు?”

“గోడ దుమ్మండీ.”

సాయంత్రానికి బస్సు యాత్రల కంపెనీ ఆఫీసు ముందు ఆగింది. జనం సామాన్లతో చెదిరిపోయారు. గైడమ్మ మైకు అప్పగించడానికి లోపలికెళ్ళింది. పెద్దావిడ ఆటో ఎక్కబోతూ చూస్తే, వీధి మలుపులో చిన్న పెట్టె పట్టుకుని ఆయన నిలబడే ఉన్నాడు.

“ఇంకా వదల్లేదు! ఇవాళ ఈయన సంగతేదో తేల్చాల్సిందే,” అని ఆటోని ఆయన పక్కకే పోనిమ్మంది.

అంతలో గైడమ్మ బయటికొచ్చింది. ఆఫీసు తలుపు మూసుకునేదాకా ఆగి, తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది. బుగ్గన లవంగం సర్దుకుని, అదే గుసగుసతో అడిగింది.

“గోడ దగ్గర అడిగితే పలకలేదేం, మనింటికి తాళం వేశారా లేదా?”