కిలో మీద అరవై గ్రాములు

"సంతకం పెట్టనంటే పెట్టను," అంది వెంకటరత్నమ్మ, వకీలు తన వైపు జరిపిన కాగితాన్ని మళ్ళీ ఆయన వైపే జరిపి.

కర్ణాటకలోని సింధనూరులో వకీలు తిరుమలేశ్ ఆఫీసు అది. తుర్విహాళ దగ్గరి ఆంధ్రా వలస రైతుల క్యాంపు నుంచి పొద్దున్నే ముగ్గురూ బయల్దేరి వచ్చారు. వెంకటరత్నమ్మ, ఆవిడ భర్త బాపయ్య, తమ్ముడు వీరబాబు. ముందురోజు ఆ దంపతుల ఒక్కగానొక్క కొడుకు ధర్మతేజని పోలీసులు గంజాయితో పట్టుకున్నారు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట. కాలవగట్టు మీద బండి ఆపి సీటు లేపితే పొట్లం దొరికింది. అది తనది కాదని వాడు మొత్తుకున్నాడు. పట్టుబడ్డవాళ్ళంతా అనే మాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

బెయిలుకి పూచీగా పొలం హక్కు చూపే పహాణి కావాలి. క్యాంపులో బాపయ్య చేసేదంతా కౌలు సేద్యమే. సొంతమని చెప్పుకునే రెండెకరాలూ పసుపు కుంకుమ కింద వెంకటరత్నమ్మకి పుట్టింటివాళ్ళు రాసిచ్చినవి. ఆవిడ చెయ్యి కదలందే కాగితం కదలదు.

"కన్నతల్లివేనా నువ్వు?" అన్నాడు బాపయ్య. "ఆడు కల్లు తాగుతాడు గానీ గంజాయి ముట్టడే!"

"మత్తు పొడి కలిపిన కల్లుకి అలవాటు పడ్డోడు గంజాయి దాకా రావడానికి ఎంతసేపు బావా?" అన్నాడు వీరబాబు. 

క్యాంపు కమిటీలో వీరబాబు మాటకి బరువుంది. మత్తు అమ్మేవాళ్ళనీ వాడేవాళ్ళనీ ఒకే గాటన కట్టి ఊళ్ళోంచి తరిమెయ్యాలని మీటింగు పెట్టినప్పుడల్లా చెబుతాడు. మేనల్లుడు దొరికేసరికి ఆ మాట కాస్త పక్కన పెట్టి, అందరికంటే ముందు కారు మాట్లాడిందీ అతనే.

"అయినా మనోడు గదక్కా. ముందు బయటికి తెచ్చుకుందాం. సంబంధం చూసి పెళ్ళి చేస్తే ఆడే దార్లో పడతాడు."

"రెండేళ్ళ నుంచీ అదే అంటన్నావు గదరా," అంది వెంకటరత్నమ్మ.

ఆ రెండేళ్ళలో ఆవిడ ఎక్కని గడప లేదు. కల్లుదుకాణం మూయించమని అర్జీ పెడితే, ఇక్కడ మూసి పక్క క్యాంపులో తెరిచారు. మత్తు మాన్పించే కేంద్రంలో మూడుసార్లు చేర్పిస్తే మూడుసార్లూ గోడ దూకి వచ్చేశాడు. మనిషి ఇష్టపడి ఉండాలి గానీ తాళం వెయ్యలేమన్నారు వాళ్ళు. పోలీసులకి అప్పగిద్దామా అంటే, తాగినందుకు ఎవరు లోపలేస్తారు? మొన్నామధ్య పక్క క్యాంపు కుర్రాడు చిటికెడు గంజాయితో దొరికినా, మందలించి సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. డాక్టరు మాత్రం ఒక్కటే చెప్పాడు. మూడు నెలలు ఆ పొడి నోట పడకపోతే మనిషవుతాడు. ఇంకో ఏడాది ఇలాగే తాగితే దక్కడు.

"మూడు నెలలు లోపలే ఉండనియ్యండి," అంది వెంకటరత్నమ్మ. "వకీలుగారూ, లోపల కల్లు లేక ఫిట్సొస్తే డాక్టరు చూస్తాడాండీ?" అని అడిగింది.

"చూస్తరమ్మా. జైలుల దవాఖాన ఉంటది." తిరుమలేశ్ పుట్టి పెరిగిందంతా రాయచూరు పాత బజారులో. "గాని మీరు గిట్ల పట్టు పడితె ఎట్ల? పిల్లగాడికి ఇలాజ్ చేయించాలె గాని జైలుల ఉంచుకుంటరా?"

"చేయించానండీ. ఇంకెక్కడ చేయించాలో మీరే చెప్పండి."

తిరుమలేశ్ తనకి తెలిసిన చట్టంలోకి వెళ్ళిపోయాడు.

"ఏం పరేషాన్ కాకండ్రి. దొరికింది కిలో అంటున్నరు. గీ అమ్మేటోళ్ళ కిలో ఎన్నడు కిలో ఉండదు, యాభై గ్రాములన్న తక్కువనే తూగుతది. కిలోకి లోపలైతె చిన్న కేసు. పడితె ఎక్కువల ఎక్కువ ఏడాది. బెయిలు గూడ జల్ది దొరుకుతది."

వెంకటరత్నమ్మ ముఖం తేలికపడింది. బాపయ్య అది చూసి పళ్ళు నూరుకున్నాడు. కొడుక్కి ఏడాది శిక్ష అంటే తేలికపడే తల్లిని ఆయన ఎక్కడా చూడలేదు.

అంతలో వకీలు ఫోనుకి పంచనామా నకలు వచ్చింది. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"కిలో మీద అరవై గ్రాములు ఉన్నది," అన్నాడు.

"అరవై గ్రాములకి ఏమవుద్దండీ?" అన్నాడు వీరబాబు.

"కిలో దాటితె కానూన్ల లెక్కనే వేరు. పదేండ్ల దాంక పడొచ్చు. బెయిలు గూడ ఇప్పట్ల కష్టమే."

వెంకటరత్నమ్మ బల్ల మీది కాగితం లాక్కుంది. "ఎక్కడండీ పెట్టాలి?" అంటూనే కనబడిన గీత మీద సంతకం చేసేసింది. తొందరలో పేరు వంకరగా పడింది. ఎలాగైతేనేం, పెళ్ళాం మనసు కరిగిందనుకుని బాపయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు గీ సంతకంతోటి అయ్యేది లేదమ్మా," అన్నాడు తిరుమలేశ్.

"తూకం తప్పయ్యుంటదండీ. మళ్ళీ తూయించండి!"

"ఇద్దరు పంచుల ముందర సర్కారీ కాంటాల తూచిన్రు. నాకు గూడ సమజైతలేదు. ఇరవై ఏండ్లల గిట్ల ఎన్నడు చూడలె. అమ్మేటోడు తక్కువ తూస్తడు గాని ఎవడన్న ఎక్కువ ఏస్తడా?"

వెంకటరత్నమ్మ లెక్క వేసుకుంది. మూడు నెలలనుకున్నది పదేళ్ళయింది. వచ్చేసరికి వాడికి ముప్ఫై నాలుగు నిండుతాయి.

ఆ గంజాయి కొన్నరోజు, కిలో మీద కొసరు వెయ్యమని పట్టుబట్టింది ఆవిడే.