ఒంటికాలి పరీక్ష

ఎండలు ముదిరి మడుగు సగానికి సగం ఇంకిపోయింది. లోతు నీళ్లెక్కడ మిగిలాయో చూసి చెప్పడానికి పెద్దల సభలో ఒక చోటు ఖాళీగా ఉందని, ఏ పిట్టయినా పరీక్షకు రావచ్చని కొంగలు చాటించాయి. మునిగి చేపలు పట్టే బుడుబుంగకు మడుగు అడుగంతా కొట్టినపిండి. పిల్లలు ఈ వేసవి గట్టెక్కాలంటే ఆ చోటు తనకు రావాలనుకుని ఆశగా వెళ్లింది.

పరీక్ష ఒక్కటే. పొద్దెక్కేదాకా ఒంటికాలి మీద నిలబడాలి.

బుడుబుంగకు కాళ్లు తోక దగ్గరుంటాయి. మూడుసార్లు లేచి, మూడుసార్లూ బురదలో బోర్లాపడింది. పక్కనే కొంగపిల్ల ఒకటి కునుకు తీస్తూ నిలబడింది.

"నీకెలా వచ్చిందమ్మా ఇది?"

"రావడమేమిటి పిన్నీ? మా ఇంట్లో నిద్రపోయేదే ఇలా!"

మోకాటిలోతు దాటి ఎరగని ఆ పిల్లకే చోటు దక్కింది.

"లోతు సంగతి అడగనే లేదు బాబుగారూ," అంది బుడుబుంగ.

"ముందు నిలకడ ఉండాలమ్మా," అన్నాడు పరీక్ష పెట్టిన ముసలి కొంగ. "అందరికీ ఒకటే పరీక్ష. మా తాత నెగ్గాడు, నాన్న నెగ్గాడు, మా బడిలో చదివిన ప్రతివాడూ నెగ్గాడు. ఎవరి కష్టం వాళ్లది."

ఆ గొంతులో వెటకారం లేదు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. బుడుబుంగకు తికమకంతా అక్కడే. మోసం జరగలేదు, పెద్దాయన చెడ్డవాడు కాడు. మరి తప్పు తన కాళ్లదేనా?

మర్నాడు పిల్లలను ఒడ్డున నిలబెట్టి ఒక కాలు ఎత్తమంది. నాలుగూ దబ్బున పడ్డాయి.

"మునగడం ఎప్పుడు నేర్పుతావమ్మా?" అంది చిన్నది.

బుడుబుంగ నీళ్లవైపు చూసింది, కొంగలవైపు చూసింది.

"ముందు నిలబడు," అంది.